యూదు చింతనలో వినయం, నాయకత్వం

మోషే స్వభావాన్ని గురించి తోరా సూటిగా చెప్పిన మాట ఒకటుంది. భూమ్మీది మనుషులందరిలోకీ అతడే వినయవంతుడని సంఖ్యాకాండము 12వ అధ్యాయం అంటుంది. ఈ మాట వచ్చే చోటును కూడా గమనించాలి. అక్క మిర్యాము, అన్న అహరోను కలిసి అతని మీద ఫిర్యాదు చేస్తారు. దేవుడు తమతో కూడా మాట్లాడాడు కదా, ఇతని గొప్పేమిటి అన్నది వాళ్ల అభ్యంతరం. మోషే నోరు మెదపడు. సమాధానం చెప్పాల్సిన చోట కథ ఆగి, అతని వినయాన్ని ప్రస్తావిస్తుంది. మిర్యాముకు చర్మవ్యాధి సోకినప్పుడు ఆమె కోసం ప్రార్థించేదీ అతడే. హీబ్రూలో ఆ ప్రార్థన అయిదే మాటలు.

ఈ మోషే మెతక మనిషేమీ కాదు. ఫరోను ఎదిరించాడు, బంగారు దూడను పొడి చేశాడు, ప్రజల పక్షాన దేవుడితోనే వాదించాడు. అయినా అతణ్ణే వినయానికి నమూనాగా నిలబెట్టారంటే, యూదు సంప్రదాయం ఆ గుణాన్ని పిరికితనంతోనో మౌనంతోనో ముడిపెట్టలేదని అర్థం. అంతకు ముందు అధ్యాయంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. మోషే భారాన్ని పంచుకోవడానికి డెబ్బైమంది పెద్దలను ఎంచుకున్న రోజున, గుడారం దగ్గరికి రాకుండా పాళెంలోనే ఉండిపోయిన ఎల్దాదు, మేదాదు అనే ఇద్దరు అక్కడే ప్రవచించడం మొదలుపెడతారు. శిష్యుడు యెహోషువ కంగారుపడి, వాళ్లను ఆపమంటాడు. మోషే ఆపడు. నా కోసం నువ్వు అసూయపడుతున్నావా అని అడిగి, ప్రజలంతా ప్రవక్తలైతే ఎంత బాగుండునని ఆశపడతాడు. తన దగ్గరున్నది మరొకరి దగ్గర కనబడితే తనకేదో తగ్గిపోయిందని అనుకోకపోవడమే అతని వినయం. తర్వాతి ధర్మపండితులైన రబ్బీలు ఎన్ని రకాలుగా చెప్పినా వాళ్ల చర్చంతా ఈ మూలం చుట్టూనే తిరుగుతుంది.

రాజుల విషయంలో తోరా వినయాన్ని స్వభావానికి వదిలేయకుండా చట్టం చేసింది. ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయం ప్రకారం రాజు గుర్రాలను, భార్యలను, వెండి బంగారాలను విపరీతంగా పోగు చేసుకోకూడదు. ధర్మశాస్త్రానికి ఒక ప్రతి రాయించుకుని, బతికినన్నాళ్లూ దాన్ని చదువుతూ ఉండాలి. సహోదరుల కన్నా తాను ఎక్కువని అతని మనసు పొంగిపోకుండా ఉండడానికే ఈ నియమమని ఆ గ్రంథమే కారణం చెబుతుంది. రబ్బీల చర్చల సంకలనమైన తాల్ముద్ దీన్ని ప్రార్థనలోకి కూడా తెచ్చింది. నిలబడి చేసే ప్రధాన ప్రార్థనలో సామాన్యుడు కొన్ని చోట్ల మాత్రమే వంగి నమస్కరిస్తాడు. ప్రధాన యాజకుడు ప్రతి ఆశీర్వచనం దగ్గరా వంగాలి. రాజైతే ఒకసారి వంగాక ప్రార్థన ముగిసేదాకా లేవకూడదన్న అభిప్రాయం కూడా అక్కడ ఉంది. హోదా పెరిగేకొద్దీ వంగడమూ పెరగాలన్నమాట.

రబ్బీల కాలానికి వస్తే, ఈ గుణానికి చిరునామా హిల్లేల్. రెండో దేవాలయం చివరి శతాబ్దంలో యెరూషలేములో పండితులకు పెద్దగా ఉన్నవాడు, పుట్టింది బబులోనులో. అతనికి కోపం తెప్పిస్తానని ఒకడు నాలుగు వందల జూజు నాణేలు పందెం కాస్తాడు. అది శుక్రవారం, విశ్రాంతిదినం దగ్గరపడుతున్న వేళ. హిల్లేల్ తల కడుక్కుంటున్నాడు. పందెం కాసినవాడు వీధిలో నిలబడి, గౌరవవాచకం ఏదీ లేకుండా, ఇక్కడ హిల్లేల్ ఎవరు అని కేకలేస్తాడు. హిల్లేల్ వస్త్రం చుట్టుకుని బయటికి వస్తాడు. బబులోను వాళ్ల తలలు ఎందుకు గుండ్రంగా ఉంటాయని ప్రశ్న. బబులోను వాడినే అడిగిన ప్రశ్న అది, దెప్పిపొడుపు స్పష్టమే. గొప్ప ప్రశ్న అడిగావు నాయనా అని మెచ్చుకుని జవాబిస్తాడు హిల్లేల్. కాసేపటికి మళ్లీ కేక, మరో అడ్డదిడ్డపు ప్రశ్న. ఆ తర్వాత ఇంకొకటి. ప్రతిసారీ అదే మెప్పు, అదే ఓపిక. చివరికి ఆ మనిషికే కోపం వచ్చి, నీ వల్ల నా డబ్బు పోయిందంటాడు. నువ్వు ఎంత పోగొట్టుకున్నా సరే, హిల్లేల్ కోపం తెచ్చుకోకూడదన్నది ఆయన జవాబు.

ఇది వ్యక్తిగత సహనం. హిల్లేల్ శిష్యుల తరం దీన్ని ఆలోచనా పద్ధతిగా మార్చింది. హిల్లేల్ బడికీ, అతనితో విభేదించిన పండితుడు షమ్మాయ్ బడికీ మధ్య మూడేళ్లు వాదం నడిచాక, రెండు పక్షాల మాటలూ సజీవ దేవుని మాటలేనని, అయితే ఆచరణలో హిల్లేల్ బడినే అనుసరించాలని ఆకాశవాణి పలికిందంటుంది తాల్ముద్. రెండూ నిజమైనప్పుడు ఒకరికే ఎందుకు మొగ్గు? వాళ్లు మృదువుగా మసలుకునేవారు, ఎదుటివారి వాదాన్ని కూడా నేర్పేవారు, తమ వాదం కన్నా ముందు దాన్నే చెప్పేవారు. కారణంగా తాల్ముద్ చెప్పింది ఇదే. యూదు చింతన మొత్తంలో దీనికి మించిన సాహసోపేతమైన మాట అరుదు. ఎదుటి పక్షాన్ని వినగలిగినవాడి తీర్పే జనం పాటించదగిన తీర్పు అవుతుందని అది చెబుతోంది.

ఈ ప్రమాణానికి నిలవలేకపోయిన నాయకుడి కథను కూడా తాల్ముద్ దాచలేదు. సా.శ. 70లో దేవాలయం కూలిపోయాక యూదు విద్య యవ్నే పట్టణంలో మళ్లీ వేళ్లూనుకుంది. అక్కడి అధ్యక్షుడు రబ్బాన్ గమలీయేలు గొప్ప పండితుడే, కాని పట్టుదల మనిషి. తనతో విభేదించిన రబ్బీ యెహోషువను సభలో అందరి ముందూ నిలబెట్టి, తాను కూర్చుని పాఠం సాగించాడు. అలాంటి అవమానాలు అంతకు ముందూ జరిగాయి. ఈసారి సభ తిరగబడింది. ఆయన్ను దించి, ఎలియాజరు బెన్ అజర్యా అనే యువకుణ్ణి కూర్చోబెట్టారు. గమలీయేలు కాలంలో లోపలా బయటా ఒక్కలా లేని విద్యార్థిని రానివ్వవద్దని తలుపు దగ్గర కావలివాణ్ణి పెట్టారు. ఆ రోజున కావలి తీసేశారు. వచ్చినవాళ్ల కోసం వందల బల్లలు అదనంగా వేయాల్సి వచ్చింది.

ఆ బల్లలను చూసి గమలీయేలు మనసు కలుక్కుమంది, ఇంతమంది చదువుకు తాను అడ్డుపడ్డానా అని. క్షమాపణ అడగడానికి యెహోషువ ఇంటికి వెళ్లాడు. ఇంటి గోడలు మసితో నల్లగా ఉన్నాయి. నువ్వు బొగ్గు పని చేసుకుని బతుకుతావని ఈ గోడలే చెబుతున్నాయే అన్నాడు. పండితుల కష్టం ఏమిటో, వాళ్లకు తిండి ఎలా గడుస్తుందో ఎరగని నువ్వు నాయకుడివైన తరానిది ఎంత దౌర్భాగ్యం అని యెహోషువ ముఖం మీదే అన్నాడు. గమలీయేలు మళ్లీ క్షమించమన్నాడు. యెహోషువ చివరికి క్షమించాడు. పదవి తిరిగి వచ్చింది కాని, బోధన వంతుల్లో కొంత ఎలియాజరుకే మిగిలింది. నాయకుడి గర్వం అంటే ఇక్కడ బడాయి మాటలు కావు. ఎదుట కూర్చున్నవాడు ఏం తిని వచ్చాడో తెలియకపోవడం.

అయితే వినయానికి హద్దు ఎక్కడన్న ప్రశ్న కూడా రబ్బీలను వేధించింది. తొలి రాజు సౌలును ఎన్నుకున్న రోజున అతడు సామానుల మధ్య దాక్కున్నాడు. అమాలేకీయుల యుద్ధంలో జనానికి భయపడి ఆజ్ఞ తప్పినప్పుడు, నీ కంటికి నువ్వు చిన్నవాడివే కావచ్చు, ఇశ్రాయేలుకు తలవు కదా అన్న అర్థంలో సమూయేలు ప్రవక్త గద్దించాడు. దేవాలయం కూలిన కథలో జెకర్యా బెన్ అవ్‌కోలస్ అనే పండితుడు కనిపిస్తాడు. రోమన్ చక్రవర్తి పంపిన బలిపశువుకు ఒకడు కుట్రతో చిన్న లోపం కలిగించాడు. బలి ఇస్తే జనం తప్పుగా నేర్చుకుంటారని, కుట్ర చేసినవాణ్ణి చంపితే మరో అపార్థం వస్తుందని సందేహిస్తూ ఏదీ తేల్చలేదు. ఆ మనిషి వినయమే మన ఆలయాన్ని కాల్చిందన్నంత కఠినంగా తాల్ముద్ తీర్పు చెప్పింది. బాధ్యత తన మీద పడ్డాక వెనక్కి తగ్గేవాణ్ణి వినయవంతుడని మెచ్చుకోవడం ప్రమాదకరమని రబ్బీలు తెలుసుకున్నది పెద్ద మూల్యం చెల్లించాకే.

పండితుడికి ఎనిమిదో వంతులో ఎనిమిదో వంతు గర్వం ఉండాలని ఒకరు, అదీ వద్దని మరొకరు తాల్ముద్‌లో వాదించుకున్నారు. 12వ శతాబ్దపు మైమోనిడీస్ అన్ని గుణాల్లోనూ మధ్యేమార్గాన్ని బోధించినవాడే, కాని గర్వం, కోపం విషయంలో మాత్రం మధ్యలో ఆగవద్దని, వినయం వైపు చివరిదాకా వెళ్లమని రాశాడు. అధికారం గురించి రాసేటప్పుడు మాత్రం ఆయన గుణబోధతో ఆగలేదు. రాజు జనంతో మృదువుగా మాట్లాడాలని, వాళ్ల భారం మోయాలని విధించాడు. సంఘం మీద అహంకారంతో పెత్తనం చేయడం నిషిద్ధమన్నాడు. యోసేపు కారో 16వ శతాబ్దంలో కూర్చిన షుల్హాన్ ఆరూఖ్ ఆ నిషేధాన్ని న్యాయమూర్తుల నియమాల్లో చేర్చింది. ఆచారనిష్ఠ గల యూదు సమాజాలు నేటికీ ప్రమాణంగా తీసుకునే ధర్మశాస్త్ర గ్రంథం అదే.