గోడ మీది కళ్ళను అడగాలా?

వహాకా నగరంలో ఉన్న ఐదు రోజుల్లో నేను తీసిన ఫొటోల్లో సగానికి పైగా కళ్ళే. బతికున్న మనుషుల కళ్ళు కావు, గోడల మీద రంగులతో వేసిన కళ్ళు. ఆదివాసీ ఉపాధ్యాయుల సమావేశం ఒకటి ఉంటే వెళ్ళాను. పొద్దున మాటలు, మధ్యాహ్నం నుంచి ఖాళీ. ఆ ఖాళీలో వీధులు పట్టుకుని తిరిగాను.

వహాకా మెక్సికోకు దక్షిణాన ఉంది. రాష్ట్రం పేరూ, దాని ముఖ్యపట్టణం పేరూ ఒకటే. ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే ఎలా పలకాలో తోచదు గానీ అక్కడివాళ్ళు వహాకా అంటారు. సపోతెక్, మిస్తెక్, మసతెక్, మిహే, ఇలా లెక్కకు పదహారు మూలవాసీ జాతులున్న రాష్ట్రం అది. పాత ఊరి కట్టడాలు లేత ఆకుపచ్చ రాయితో కట్టినవి. ఆ మధ్యభాగాన్ని 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కాస్త పక్కకు పోయి హలత్లాకో పేటలోకి అడుగుపెడితే గోడలు మాట్లాడడం మొదలుపెడతాయి. మొక్కజొన్న కంకులు, చిరుతలాంటి జాగ్వార్లు, చనిపోయినవాళ్ళ పండుగకు వేసే పుర్రెలు, అన్నిటికంటే ఎక్కువగా ఆడవాళ్ళ ముఖాలు. జడల్లో రిబ్బన్లు అల్లుకున్న ముసలమ్మలు, ఎర్ర రుమాలు మూతికి కట్టుకున్న పడుచులు. ఒక ముసలామె కన్ను మా ఇంటి తలుపంత ఉంది. కంటి చుట్టూ ముడతల్ని వేసినవాడు ఒక్కో గీతనూ ఓపికగా దిద్దాడు.

మొదట ఒక కన్ను తీశాను. బాగా వచ్చింది. రెండోది తీశాను. మూడో రోజుకల్లా అదొక వేట అయిపోయింది. ముఖం వద్దు, కన్ను చాలు. దగ్గరకు పోయి, చుట్టూ ఉన్నదంతా తెర బయటకు నెట్టేసి, కన్ను మాత్రం మిగిల్చేవాణ్ణి.

మూడో రోజు సాయంత్రమే అది జరిగింది. మార్కెట్ బయట ఒకామె తెహాతె అమ్ముతోంది. మొక్కజొన్న పిండి, కకావో గింజలు కలిపి పిసికి, పైన నురగ తేలేలా చేసే చల్లటి పానీయం. కాయచిప్పలో పోసి ఇస్తారు. ఎర్రరంగు పూసి పూలు దిద్దిన ఆ చిప్ప చూస్తే మా జీలుగు కల్లు తాగే సొరబుర్ర గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. తాగాను, డబ్బులిచ్చాను, ఫోన్ చూపించి తీసుకోనా అన్నట్టు సైగ చేశాను. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. ముఖానికి చెయ్యి అడ్డం పెట్టి తల అడ్డంగా ఊపింది. నాకొచ్చిన ఒకే ఒక్క స్పానిష్ మాటతో క్షమాపణ చెప్పి కదిలాను.

రెండు సందులు దాటగానే గోడ మీద అదే వయసు, అదే కట్టు, అవే రిబ్బను జడలున్న ఒకామె కనిపించింది. మోకాళ్ళ మీద కూర్చుని, ఆ కళ్ళకు జానెడు దూరంలో ఫోన్ పెట్టి నాలుగు ఫొటోలు తీసుకున్నాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టలేదు. పెట్టలేదు కాబట్టే తీశాను. ఆ సంగతి రాత్రి గదిలో ఫొటోలు చూసుకుంటుంటే గానీ తట్టలేదు. తట్టాక నిద్ర పట్టలేదు.

ఎందుకంటే ఆ చెయ్యి నాకు తెలుసు. మేము కొండరెడ్లం. పాపికొండలు చూడటానికి వచ్చే లాంచీలు పేరంటాలపల్లి దగ్గర ఆగుతాయి. మావాళ్ళు వెదురును సన్నగా చీరి పూలు చేసి అక్కడ అమ్ముతారు. మా అమ్మమ్మా అమ్మింది. లాంచీ దిగినవాళ్ళు పూలు కొన్నదానికంటే ఆమెను ఫొటో తీసుకున్నదే ఎక్కువ. అడిగినవాళ్ళు తక్కువ. వెలుతురు పడటం లేదని గడ్డం పట్టుకుని ముఖం తిప్పినవాణ్ణి నేను చిన్నప్పుడు కళ్ళారా చూశాను. ఆమె వాళ్ళనేమీ అనేది కాదు. కళ్ళు కిందికి దించేసేది. ఇంటికొచ్చాక, "ఏం జేసుకుంటార్రా నా ముఖం?" అని నన్ను అడిగేది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. నలభై ఏళ్ళ తర్వాత, ఎక్కడో మెక్సికోలో, నా ఫోన్ నిండా కళ్ళు పెట్టుకుని కూర్చుంటే మళ్ళీ అదే ప్రశ్న ఎదురైంది. ఏం చేసుకుంటాను వీటిని?

గోడకు ప్రాణముందా, బొమ్మను అడిగేదేమిటి అని మీరు అనవచ్చు. సమావేశంలో ఒక మిత్రుడు అదే అన్నాడు. వీధిలో బొమ్మ వేసినవాడు నలుగురూ చూడాలనే వేస్తాడు, ఆ వేయడంలోనే అనుమతి ఉంది అన్నాడు. ఆ మాట కొట్టిపారేసేది కాదు. రంగుకు నొప్పి ఉండదు. నా దిగులు బొమ్మకు ఏమవుతుందని కాదు. కాదనగలిగిన మనిషిని వదిలి, కాదనలేని ముఖం దగ్గరకు నేను ఎందుకంత తొందరగా పోయాను అన్నది నా దిగులు. నాకు చూపు కావాలి, చూసే మనిషి వద్దు. మూసుకోదు, తిప్పుకోదు, ఎవరు నువ్వు అని అడగదు. మా అమ్మమ్మ గడ్డం తిప్పినవాడికి కావలసింది సరిగ్గా ఇదే. ఆమె గోడ మీది బొమ్మ అయ్యుంటే వాడికి ఎంత సుఖంగా ఉండేది!

వహాకాలో ఈ కథకు పాత మొదలు ఒకటుంది. 1890ల చివర్లో ఫ్రెడరిక్ స్టార్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త ఆ కొండల్లో తిరిగాడు. ఒక్కో జాతిలో వందమంది మగవాళ్ళను, పాతికమంది ఆడవాళ్ళను కొలవాలి, ఫొటోలు తీయాలి, ఐదుగురి ముఖాలకు ప్లాస్టర్ పోసి అచ్చులు తీయాలి. అదీ ఆయన పెట్టుకున్న లెక్క. పైఅధికారుల ఉత్తరాలు చేతిలో ఉండేవి. రానన్నవాళ్ళను ఊరి అధికారుల చేత, పోలీసుల చేత రప్పించిన సంగతి ఆయనే తన పుస్తకంలో దాచుకోకుండా రాశాడు. ముఖానికి ప్లాస్టర్ పోసేటప్పుడు ఎవరైనా కళ్ళు మూసుకోవాల్సిందే. ఆ ఫొటోల ఆల్బమ్ 1899లో అచ్చయింది.

అదే నేల మీద, వందేళ్ళ పైచిలుకు తర్వాత, ఆ జాతుల పిల్లలు గోడల మీద కళ్ళు తెరిపించారు. 2006 మే నెలలో వహాకా టీచర్లు సమ్మెకు దిగి నగరం నడిబొడ్డున మకాం వేశారు. జూన్ 14 తెల్లవారుజామున పోలీసులు బాష్పవాయువుతో వాళ్ళను చెదరగొట్టబోయారు. ఊరు ఊరంతా టీచర్ల వైపు నిలబడింది. నెలల తరబడి సాగిన ఆ పోరాటంలో గోడలే పత్రికలయ్యాయి. అసారో అనే కళాకారుల సంఘం అప్పుడే పుట్టింది. చెక్క మీద బొమ్మ చెక్కి, సిరా రాసి, కాగితం మీద అచ్చు తీసి, రాత్రిపూట జిగురుతో గోడకు అంటించేవాళ్ళు. ప్రభుత్వం సున్నం కొట్టించేది, వీళ్ళు మళ్ళీ అంటించేవాళ్ళు. చెక్క అచ్చులో చెక్కేసిన చోటు తెల్లగా, మిగిల్చిన చోటు నల్లగా పడుతుంది. కంటి తెలుపంతా ఉలి తీసేసిన చెక్కే, వదిలేసింది గుడ్డు ఒక్కటే. అలాంటి కళ్ళు ఊరికే అందం కోసం వేసినవి కావు. మమ్మల్ని కొలిచారు, ఇప్పుడు మేము చూస్తున్నాం, అంటున్నాయవి. ఆ కళ్ళ కింద ఏదో ఒక రాత ఉంటుంది, ఒక పేరు, ఒక తేదీ, ఒక డిమాండు. నేను తెర బయటకు నెట్టేసింది వాటినే.

వహాకా గోడల మీద పదే పదే కనిపించే ముఖం ఒకటుంది, మరియా సబీనాది. టీషర్టుల మీదా, సంచుల మీదా ఆమే. మసతెక్ జాతి వైద్యురాలు, వావుత్లా అనే కొండ ఊరు. రాత్రి జాగారంలో పుట్టగొడుగులు తిని, పాట పాడుతూ రోగం కనిపెట్టేది. 1955లో గోర్డన్ వాసన్ అనే న్యూయార్క్ బ్యాంకు ఉద్యోగి, ఒక ఫొటోగ్రాఫర్ ఆ జాగారంలో కూర్చున్నారు. ఫొటోలకు ఆమె ఒప్పుకుంది, నమ్మకమైన వాళ్ళకు తప్ప ఎవరికీ చూపించకూడదన్న షరతు మీద. ఆ షరతు సంగతి రాసింది వాసనే. 1957 మే నెలలో లైఫ్ పత్రికలో ఆ ఫొటోలు లక్షలమందికి చేరాయి. పేరు మాత్రం మార్చారు, ముఖం మార్చలేదు. పేరు మారిస్తే ఏమవుతుంది, వెతికేవాళ్ళు ముఖం పట్టుకునే వెతికారు. ఎక్కడెక్కడి నుంచో జనం ఊరి మీద పడ్డారు. వెనకే పోలీసులు వచ్చారు. ఊరివాళ్ళు నీవల్లే ఇదంతా అన్నారు. ఆమె ఇల్లు కాలిపోయింది. 1985లో పేదరాలిగానే చనిపోయింది.

ఇప్పుడు చెప్పండి, గోడ మీది ఆమె కన్ను ఎవరిది? వేసిన కుర్రవాడిది అంటే సగమే నిజం. ఆమె బతికుండగా పెట్టిన షరతు ఒకటుంది, అది ఒకసారి తప్పిపోయింది. తప్పినంత మాత్రాన రద్దయిపోయిందా? ఆమె మనవల కాలం వాళ్ళు ప్రేమతోనో గర్వంతోనో గోడ మీద వేసుకుంటే దానికొక న్యాయం ఉంది, ఆమె వాళ్ళ మనిషి. నేను వచ్చి ఆ కన్ను ఒక్కటే కత్తిరించుకుపోతే నాది వాసన్ వరసే. కాకపోతే నా దగ్గర లైఫ్ పత్రిక లేదు, వాట్సాప్ ఉంది.

ఇక్కడిదాకా రాసి, అయితే ఫొటోలే తీయకూడదని తేల్చేద్దామనుకున్నాను. అలా తేలలేదు. 2014 సెప్టెంబరు 26 రాత్రి పక్క రాష్ట్రం గెరేరోలో ఆయోత్సినాపా అనే ఊరి టీచర్ ట్రైనింగ్ కాలేజీ పిల్లలు 43 మంది మాయమైపోయారు. పేద రైతుల, మూలవాసుల పిల్లలు. వాళ్ళ ముఖాలు మెక్సికో అంతటా గోడలకెక్కాయి. వహాకాలో ఫ్రాన్సిస్కో తొలేదో, ఆయన సపోతెక్ చిత్రకారుడు, ఆ 43 మంది ముఖాలతో గాలిపటాలు చేయించి ఎగరేయించాడు. నేలంతా వెతికాం, ఇక ఆకాశంలో వెతకాలి అన్నది ఆయన ఆలోచన. అలాంటి ముఖాలు చాలావరకు తల్లిదండ్రులు పట్టుకుని తిరిగే చిన్న ఫొటోలను చూసి వేసినవే. అక్కడ ఫొటో తీయొద్దనే తల్లి లేదు. తీయండి, పదిమందికీ చూపించండి అంటుంది. ఆ గోడ ముందు ఫోన్ జేబులో పెట్టుకుని వినయంగా పక్కకు తప్పుకుంటే అదీ తప్పే. తీయాలి. అయితే పేరుతో తీయాలి, 43 అన్న అంకెతో తీయాలి. కన్ను ఒక్కటే తీస్తే ఆ పిల్లవాణ్ణి మరోసారి మాయం చేసినట్టు.

నా మీద నాకే ఇంకో మాట ఉంది, అదీ చెప్పేస్తాను. 1940ల మొదట్లో హైమన్‌డార్ఫ్ మా కొండల్లో తిరిగి ఫొటోలు తీశాడు. కొండరెడ్ల మీద ఆయన పుస్తకం 1945లో వచ్చింది. వాటి కోసం మావాళ్ళను ఏమని అడిగారో, మావాళ్ళు ఏమన్నారో చెప్పడానికి ఇప్పుడు మా ఊళ్ళో ఎవరూ లేరు. కానీ ఆ పుస్తకం మొదటిసారి చేతికొచ్చినప్పుడు ఒక్కో బొమ్మ దగ్గర గంటసేపు ఆగాను, మా తాతల పోలిక దొరుకుతుందేమోనని. పోలవరం నీళ్ళు వచ్చి ఊళ్ళు లేచిపోతున్న కాలంలో ఆ ఫొటోలు మాకు బంగారం. అడగకుండా తీసినదైనా ఒకనాటికి సొంతవాళ్ళకు అవసరపడవచ్చు. అది తీసినవాడి గొప్పతనం కాదు, మా లేమి. అయినా అవసరం అవసరమే.

ఆఖరి రోజు పొద్దున్నే లేచి, తిరిగిన సందులన్నీ మళ్ళీ తిరిగాను. ఈసారి రోడ్డుకు అవతలి పక్క నిలబడి గోడ మొత్తం వచ్చేలా తీశాను. రాతలు, సంతకాలు, కింద ఆగి ఉన్న మోటారు సైకిలు, కరెంటు మీటరు, అన్నీ పడ్డాయి. ఫొటోలు మునుపంత అందంగా లేవు. ఒక గోడకు అప్పటికే సున్నం కొట్టేశారు. నా దగ్గర ఆమె కుడికన్ను ఉంది, ఆమె ఎవరో, కింద ఏం రాసుందో ఇక తెలిసే దారి లేదు. తెహాతె అమ్మే ఆమె దగ్గర ఇంకో చిప్ప తాగాను. ఫోన్ తీయలేదు. ఆమె నన్ను గుర్తుపట్టి చిప్ప అంచుదాకా పోసింది.

ఇంటికొచ్చాక మా అమ్మాయి ఆ ఫొటోల్ని కంప్యూటర్లోకి ఎక్కించింది. ముఖాలున్న ఫొటోల్ని అది తనంతట తానే ఒక వరసలో పెట్టి, ఒక్కోదాని కింద పేరు రాయమని ఖాళీ గడి చూపిస్తుంది. గోడల మీది ఆడవాళ్ళు, మా అమ్మమ్మ పాత ఫొటో, సమావేశంలో మిత్రులు, అందరూ ఒకే వరసలో వచ్చారు. ఉత్త కళ్ళు తీసిన ఫొటోలు మాత్రం ఆ వరసలోకి రాలేదు. వాటిలో మనుషులున్నట్టు దానికి తెలియలేదు. మరియా సబీనా కింద పేరు రాశాం. అమ్మమ్మ కింద రాశాం. ఆమె కళ్ళు అందులోనూ కిందికే ఉన్నాయి. మిగతా గడులు అలాగే ఉంచమన్నాను.