ఎవరి రక్తం?

"రక్తసంబంధం" అన్న మాట మనం ఎంత ధీమాగా వాడేస్తామో చూడండి! ఆస్తి పంపకాల దగ్గరా అదే, పెళ్ళిలో అలకల దగ్గరా అదే. "నా రక్తం పంచుకు పుట్టినవాడు" అన్నాక ఎదుటివాళ్ళు ఇక నోరు మూసుకోవలసిందే.

మా చుట్టాల్లో ఒకావిడ మనవడికి, పుట్టిన రెండోరోజునే ఒంట్లో రక్తం మార్చారు. కామెర్లు హెచ్చిపోయాయి. ఆ పసుపు మెదడుకెక్కితే బిడ్డ దక్కినా చెవుడో, అవిటితనమో వస్తుందన్నారు. బొడ్డులోని నాళం గుండా సన్నటి గొట్టం వేసి, రెండు మూడు చెంచాలు తీయడం, అంతే కొత్తది ఎక్కించడం. అలా రెండు గంటలు! మూడు కిలోల పసిగుడ్డుకి ఉండేదే పావులీటరు రక్తం. దానికి రెట్టింపు ఎక్కిస్తే పాతది నూటికి 85 పాళ్ళు పోయినట్టే.

బిడ్డ దక్కాడు. బారసాలనాడు నాయనమ్మగారు నన్ను పక్కకి పిలిచి, "ఏ కులంవాళ్ళదో ఏమో! మా వంశం రక్తం కాస్తయినా మిగిలుంటుందంటావా?" అంది.

మనలో మాట, పిల్లాడి ప్రాణం మీదికి తెచ్చింది ఆ వంశం రక్తమే. కోడలు ఆర్.హెచ్. నెగటివ్, కొడుకు పాజిటివ్. పిల్లలకి తండ్రిదే వచ్చింది. మొదటి కాన్పులో బిడ్డ రక్తం కాస్త తల్లి రక్తంలో కలిస్తే, ఆమె ఒళ్ళు దాన్ని శత్రువనుకుని ఆయుధాలు నూరి పెట్టుకుంటుంది. రెండో బిడ్డమీద అవి దండెత్తుతాయి. తల్లి మనసు నిండా ప్రేమే, ఒంట్లో మాత్రం ఈ పగ! అందుకే డాక్టర్లు ఎక్కించింది నెగటివ్ రక్తం, అంటే కోడలి రకం. నాలుగు నెలల్లో అదీ పోయి, పిల్లాడి ఎముకల్లోంచి మళ్ళీ తండ్రి రకమే పుట్టుకొస్తుందని చెబితే గాని ఆవిడ బెంగ తీరలేదు.

1940లో ఈ ఆర్.హెచ్. సంగతి బయటపడేదాకా, వరసగా బిడ్డలు పోయిన తల్లిని ఎన్నెన్ని మాటలన్నారో! దక్కినవాణ్ణి పెంటకుప్పమీద పడుకోబెట్టి, చేటెడు తవుడిచ్చి కొనుక్కుని పెంటయ్య, పుల్లయ్య అని పిలుచుకున్నారు. ఆ చావులన్నీ ఈ జబ్బువల్లేనని కాదు. కానీ "వీడు మావాడు కాదు" అంటేనే బతుకుతాడని ఆ తల్లులకి ఎలా తోచిందో!

పితృణానికి తద్దినం ఉంది. మరి పేరూ ఊరూ తెలియని దాత ఋణానికి ఏ తంతు ఉంది? కులం ఆరా తీయడానికి గుర్తొచ్చిన మనిషి, దణ్ణం పెట్టుకోవడానికి గుర్తు రాడేం?

ఇప్పుడు కాన్పయిన మూడు రోజుల్లోగా తల్లికి ఇచ్చే యాంటీ-డి ఇంజక్షన్ ఉంది కనక, రక్తం మార్చే అవసరం బాగా తగ్గింది. ఆ మందూ మనుషుల రక్తంలోంచి తీసేదే. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయన 1954 నుంచి 2018 దాకా 1,100 సార్లకు పైగా, చాలామటుకు ఇందుకోసమే, దానం చేసి, 2025లో కన్నుమూశాడు. పద్నాలుగో ఏట తనకి ఆపరేషనయినప్పుడు ఎవరెవరో ఇచ్చిన రక్తంతో బతికాడట. ఆ ఇంజక్షన్ తీసుకున్న తల్లుల్లో ఆయన కూతురూ ఉంది. మిగతా లక్షలమంది ఎవరో ఆయనకి తెలియదు.