నక్షత్రములను పట్టియుంచునది ఏది?

ధ్యాన భాగములు: యోబు 38వ అధ్యాయము, కొలొస్సయులకు 1:15-17



యోబు తన శ్రమలలో దేవుని అనేక ప్రశ్నలడిగెను. దేవుడు జవాబు చెప్పక తిరిగి ప్రశ్నలే వేసెను. వాటిలో ఒకటి కృత్తికల కట్లను గూర్చినది. నేటి భౌతిక శాస్త్రజ్ఞులును ఇంచుమించు అట్టి ప్రశ్న యెదుటనే నిలిచియున్నారు. మేము ఆ శాస్త్రమును కళాశాలలో నేర్చినవారము కాము. సంఘపు పనుల నడుమ చదివి గ్రహించినంత మట్టుకు మీతో చెప్పుచున్నాము.

చేలో పిట్టలను తోలు ఒడిసెలను తలంచుడి. రాతిని ఎంత వేగముగా త్రిప్పుదుమో త్రాడు అంత గట్టిదై యుండవలెను. చాలనియెడల తెగి, రాయి ఎగిరిపోవును. నక్షత్రములును తిరుగుచున్నవి. వాటికి త్రాడు ఆకర్షణ శక్తియే. 1970లో అమెరికాలో వేరా రూబిన్ అను స్త్రీయు, ఆమె తోటి పనివాడైన కెంట్ ఫోర్డును, ఆండ్రోమెడా అను నక్షత్ర సమూహపు వేగమును కొలిచిరి. అంచున నున్నవి మెల్లగా తిరుగునని తలంచగా, అవియు లోపలివాటితో దాదాపు సమానముగా పరుగెత్తుచుండెను. కంటికి కనబడు పదార్థమంతయు కూడినను ఆ త్రాడు చాలదు. అయినను అవి చెదరిపోలేదు! 1933లోనే ఫ్రిట్జ్ జ్వికీ అను శాస్త్రజ్ఞుడు మరియొక చోట ఇట్టి లోటునే కనిపెట్టియుండెను.

కనబడని పదార్థమేదో వాటిని పట్టియున్నదని చెప్పి, శాస్త్రజ్ఞులు దానికి కృష్ణ పదార్థమని పేరు పెట్టిరి. ప్లాంక్ అను ఉపగ్రహపు కొలతల చొప్పున, విశ్వమును నూరు కుంచములుగా కొలిచితే మనమెరిగిన పదార్థము సుమారు 5 కుంచములే. 27 కుంచములు ఈ కృష్ణ పదార్థము. మిగిలిన 68 కుంచములు విశ్వమును మరింత వేగముగా విస్తరింపజేయు కృష్ణ శక్తి. అది ఏమిటో అసలే తెలియదు. అమెరికాలో ఒక పాత బంగారు గని లోతున కృష్ణ పదార్థమునకై కాచుకొనియున్నవారు 2022లో తమ తొలి ఫలితములు ప్రకటించిరి. అది దొరకలేదు.

ఇట్టి చిక్కు క్రొత్తది కాదు. యురేనస్ గ్రహము లెక్క తప్పి నడచుట చూచి, కనబడని గ్రహమొకటి దానిని లాగుచున్నదని లెవెరియే అను ఫ్రెంచి పండితుడు లెక్కగట్టెను. 1846లో బెర్లినులో వెదకగా నెప్ట్యూన్ కనబడెను. బుధ గ్రహము నడకలోను చిన్న తేడా యుండగా, 1859లో అతడే అక్కడను అట్లే తలంచెను. ఏండ్ల తరబడి వెదకినను ఏ గ్రహమును దొరకలేదు. 1915లో ఐన్‌స్టీన్ ఆకర్షణ సూత్రమునే మార్చి ఆ తేడాకు కారణము చూపెను. ఒకసారి వస్తువు దాగియుండెను. మరియొకసారి మన తెలివియే కొరతగా నుండెను. ఈసారి ఏదియో?

ప్రియులారా, ఇక్కడ మనకొక శోధన కలదు. “చూచితిరా, శాస్త్రమునకు తెలియదు, ఆ త్రాడు దేవుడే” అని చెప్పవలెనని తోచును. అట్లు చెప్పకుడి. మహా భక్తిగల న్యూటన్, గ్రహముల నడక క్రమముగా చెడిపోవుననియు, దానిని దేవుడు సరిచేయవలసి యుండుననియు తలంచెను. అటుపిమ్మట లాప్లాస్ అను పండితుడు వాటిలో ముఖ్యమైన తేడాలు పెరిగి తిరిగి తరుగునని లెక్కతో చూపెను. అప్పుడు కొందరికి దేవునికి పనియే లేనట్లు కనబడెను. మనకు తెలియని సందులలో దేవుని నిలిపితే, సందు మూయబడిన ప్రతిసారి ఆయనను వెలుపలికి పంపినవారమగుదుము. పట్టణములో చదువుకొను మన బిడ్డల విశ్వాసమును అట్టి గుంజకు కట్టితే, గుంజ ఊడిన దినమున వారేమి కావలెను?

సమస్తమును క్రీస్తునందు నిలిచియున్నదని అపొస్తలుడు బోధించుచున్నాడు. సమస్తమనగా తెలియని 95 కుంచములు మాత్రమే కాదు, తెలిసిన 5 కుంచములును. రేపు కృష్ణ పదార్థము దొరికినను ఆయన మహిమలో ఏమియు తరుగదు. ఆయన చేతిపనిలో మరికొంత మనకు తెలియును, అంతే.

గనుక మీ బిడ్డ ఆకాశమును చూపి ప్రశ్నించినప్పుడు గద్దింపకుడి. “నాకు తెలియదు నాయనా, నీవు చదివి నాకు చెప్పు” అనుడి. యోబునకును చివరకు ప్రశ్నలన్నిటికి జవాబు దొరకలేదు, దేవుడే దొరికెను. తెలియదని ఒప్పుకొను వినయమును, వెదకుట మానని మనస్సును ప్రభువు మనకును మన బిడ్డలకును దయచేయును గాక. ఆమేన్.