బిస్కెట్టు వద్దంటే కోపమా?

మద్రాసు పరాయి వూరంటే మా నెల్లూరు జిల్లా వాళ్ళెవరూ ఒప్పుకోరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మా రాజధాని అదే. ఆ రాష్ట్రం కోసం 58 రోజులు నిరాహారదీక్ష చేసి పొట్టి శ్రీరాములుగారు ప్రాణం వదిలిందీ ఆ వూళ్ళోనే. ఇవాళ మా జిల్లాకి ఆయన పేరే. ఆ తర్వాత మాకు కర్నూలు వచ్చింది, హైదరాబాదు వచ్చింది, అమరావతి వచ్చింది. రాజధానులు అటూ ఇటూ తిరిగాయి గాని, మా వాళ్ళ వ్యాపారం మాత్రం సుమారు 175 కిలోమీటర్లు తిన్నగా దక్షిణానికే పోతూ వుంది. 1996లో చెన్నై అని పేరు మార్చినా మా నోళ్ళకి ఇంకా మద్రాసే.

ఒకప్పుడు శ్రీహరికోట కట్టెలు బకింగ్‌హామ్ కాలవలో పడవలెక్కి ఆ వూరికి పోయేవి. తర్వాత రైళ్ళు, లారీలు. బియ్యం వాళ్ళు, గూడూరు అభ్రకం వాళ్ళు, 1990ల నించి సముద్రతీరం పొడుగునా రొయ్యల గుంటల వాళ్ళు, అందరికీ నెలకోసారైనా మద్రాసులో పని పడవలసిందే. ఆ రోజుల్లో డబ్బు నడుముకి కట్టుకుని, పైన చొక్కా, ఆ పైన ఉత్తరీయం వేసుకుని వెళ్ళేవారు పెద్దవాళ్ళు. రాత్రి లాడ్జీలో పడుకున్నా ఒక చెయ్యి నడుం మీదే. ఇప్పుడు నడుం తేలికైంది, డబ్బంతా ఫోనులో వుంది. కాని చెయ్యి మాత్రం మంచానికి అటు వైపు, ఫోను ఇటు వైపు!

ఎవరైనా బయల్దేరుతూ వుంటే ఇంట్లో వాళ్ళు ఒక్క మాట అంటారు: "మద్రాసుకేం, భయంలేని వూరు."

నిజమే, చాలామటుకు నిజమే. రాత్రి తొమ్మిదింటికి కూడా తల్లో పూలు, మెడలో గొలుసు పెట్టుకుని ఆడవాళ్ళు బస్సు కోసం నిలబడే వూరు అది. తెల్లవారకముందే వీధి మొదట్లో కాఫీ కాచేవాడు లేచి వుంటాడు, పూలమ్మే ఆవిడ బుట్ట దించుకుంటూ వుంటుంది. ఒక వూరికి భయం లేదంటున్నామంటే అది అక్కడి గోడల మహిమ కాదు, ఇలా మేలుకుని వున్న నలుగురి మహిమ. అయితే ఆ నలుగురున్నా సరిపోని రోజొకటి వచ్చింది. 2016 జూన్ 24 పొద్దున, నుంగంబాకం రైల్వే స్టేషన్లో, ప్లాట్‌ఫారం మీద జనం వుండగానే, ఉద్యోగానికి బయల్దేరిన ఒక అమ్మాయిని నరికి చంపారు. ఆ స్టేషన్లో అప్పటికి నిఘా కెమెరాల్లేవు. తర్వాత వూరినిండా కెమెరాలు వచ్చాయనుకోండి. కెమెరా చూస్తుంది గాని, పరుగెత్తుకుని వచ్చి అడ్డం పడదు కదా.

భయమున్న వూరికి వెళ్ళేవాడు కళ్ళు తెరుచుకుని వెళతాడు. భయంలేని వూరికి వెళ్ళేవాడి కళ్ళు తెలీకుండానే మూతలు పడతాయి. పెట్టె కాళ్ళ దగ్గర పెట్టి టీకి దిగుతాడు. రిసెప్షన్‌లో పదిమంది మధ్య గది నంబరు గట్టిగా చెబుతాడు. ఎంత అడ్వాన్సు పుచ్చుకున్నాడో ఫోనులో వినిపిస్తాడు, అదీ సెంట్రల్ స్టేషన్లో, మైకుతో పోటీపడి!

"జాగ్రత్త" అనే మాట ఎప్పుడైనా విప్పి చూశారా? జాగ్రత్ అంటే మేలుకుని వుండటం. అంతే. అందులో ఎదుటివాణ్ణి దొంగ అనుకోమని ఎక్కడా లేదు. అనుమానం వేరు. జాగ్రత్తపడేవాడు తన పెట్టె వంక చూసుకుంటాడు, అనుమానించేవాడు పక్కవాడి మొహం వంక చూస్తాడు. ఆటో ఎక్కగానే నంబరు ఇంటికి పంపించటం జాగ్రత్త. ఆటో నడిపే అతని చింపిరి జుట్టూ, మాసిన చొక్కా చూసి "వీడెవడో" అనుకోవటం అనుమానం. చింపిరి జుట్టు వాళ్ళు మోసం చేసిందెంతో, ఇస్త్రీ చొక్కా వాళ్ళు చేసిందెంతో లెక్క తీస్తే ఏమవుతుందో నాకో నమ్మకం వుంది, కాని అది వేరే వ్యాసం.

అసలు చిక్కు రైలు పెట్టెలో వుంది. మనవాళ్ళకి రైలు ప్రయాణమంటే పొట్లం విప్పటమే కదా. పినాకినీ ఎక్కి కూర్చుని గూడూరు దాటకముందే ఎదుటి ఆవిడ పులిహోర తీస్తుంది, మనం మలై కాజా తీస్తాం. పిల్ల వయసెంత, సంబంధాలు చూస్తున్నారా, అక్కణ్ణించి అరగంటలో చుట్టరికం కూడా తేలుతుంది. అదే రైల్లో, "అపరిచితులిచ్చే తినుబండారాలు తీసుకోవద్దు" అని రైల్వే వాళ్ళే హెచ్చరిస్తారు. మత్తు కలిపిన బిస్కెట్లు పెట్టి సామాను దోచుకున్న కేసులు ఈ దేశంలో కొల్లలు మరి. వాళ్ళ తప్పేం లేదు.

కాని, ఒక పెద్దావిడ ప్రేమగా బిస్కెట్టు చాపితే, ఒంటరిగా బేరానికి వెళ్తున్న ఆడపిల్ల "వద్దండీ" అంటుంది. ఆవిడ మొహం వాడిపోతుంది. "ఏందమ్మా, నేనేమన్నా విషం బెడతానా?" అంటుంది. ఆ పిల్ల సిగ్గుపడి పుచ్చుకుంటుంది. నూటికి తొంభైతొమ్మిదిసార్లు ఏమీ కాదు. కాని చూడండి, మత్తు బిస్కెట్టు పెట్టేవాడు వాడుకునేది సరిగ్గా ఈ సిగ్గునే. మన మర్యాదే వాడికి పెట్టుబడి. అంచేత, వద్దన్న పిల్లది అమర్యాద కాదనీ, వద్దంటే నొచ్చుకోవటమే మనం మానుకోవలసిన అలవాటనీ నేనంటాను. నేను జాగ్రత్తపడాలంటే, నన్ను చూసి ఇంకొకరు జాగ్రత్తపడినా నేను ఓర్చుకోవాలి. ఇది లేకపోతే మంచివాళ్ళ రోషమంతా దొంగలకి కాపలా కాస్తుంది.

లాడ్జీలో గుర్తింపు కార్డు అడిగితే మన బాబాయిలు ఎగిరి పడతారే, "పాతికేళ్ళ నించీ ఇక్కడే దిగుతున్నా, నన్ను అడుగుతావా?" అని, అదీ ఇలాంటిదే. పాపం ఆ కుర్రాడు అందర్నీ అడుగుతున్నాడు, తమర్ని మాత్రమే కాదు. అందర్నీ అడిగితే అవమానం ఎవరికీ లేదు. ఒక్కళ్ళని మాత్రమే అడిగినప్పుడే అది గుచ్చుకుంటుంది.

మరి ఆ ఒక్కళ్ళూ ఎవరో మీకు తెలుసు. ఆడది ఒంటరిగా వెళ్ళి గది అడిగితే, కార్డు చూశాక కూడా ఇంకో ప్రశ్న వుంటుంది: "ఒక్కరేనా? కూడా ఎవరూ లేరా?" అది భద్రత కోసం అడిగే ప్రశ్న కాదని అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాళ్ళకీ తెలుసు. ఇలా అనుమానాన్ని జాగ్రత్త అని పిలిచి అమ్ముతూంటారు.

ఫోను దొంగల సంగతి పెద్దగా చెప్పను, మీరూ వింటూనే వున్నారు. పోలీసు దుస్తులు వేసుకుని వీడియోలో కనిపించి "మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, గది దాటి కదలకండి" అంటాడు. అలాంటి అరెస్టు మన చట్టంలోనే లేదు. ఫోను పెట్టెయ్యటమే. కొత్త వూళ్ళో, లాడ్జీ గదిలో ఒంటరిగా వున్న మనిషికి పక్కన "పెట్టెయ్ అన్నయ్యా" అనే గొంతు వుండదు, అదే వాడి బలం.

మా వీధిలో ఒకావిడ ఇంట్లోనే చీరల వ్యాపారం చేస్తుంది. రెండు నెలలకోసారి మద్రాసు వెళ్ళి త్యాగరాయనగర్లో సరుకు తెస్తుంది. అదే పనికి వెళ్ళే మగవాళ్ళు స్టేషను దగ్గర చవక లాడ్జీలో ఒక రాత్రి ఒళ్ళు వాల్చి వస్తారు, లేదా వెయిటింగు హాల్లోనే తెల్లవారుస్తారు. ఈవిడ అలా చెయ్యలేదు. వెలుతురున్న వీధి కావాలి, లోపల గడియ గట్టిగా పడాలి, పైఅంతస్తు కావాలి, రాత్రి కింద మనిషి వుండాలి. వీటన్నిటికీ ఖరీదుంది. చీకటి పడ్డాక షేర్ ఆటో ఎక్కదు, టాక్సీ పిలుస్తుంది. దానికీ ఖరీదుంది. 139, 112 నంబర్లు ఫోనులో దాచుకుంది, వాటికి మాత్రం ఖర్చు లేదు. "భయంలేని వూరు" అని అందరూ అనే ఆ వూరికే, మగవాళ్ళకీ ఆవిడకీ టిక్కెట్టు ఒకటే, భద్రత ధర మాత్రం వేరు.

"ఆ గది అద్దె చీరల మీద వేసుకోకూడదా?" అన్నాను ఒకసారి.

"ఎట్టా వేస్తానక్కా? బజార్లో కొట్టు పెట్టిన ఆయన వెయ్యడు గదా. ఆయన రేటుకే నేనూ ఇయ్యాల" అంది, మడతలు సర్దుకుంటూ.