వెన్న పేరు – వర్తకుని పేరు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1923లో చేసిన ఒక చట్టము ప్రకారము వెన్న అనగా పాలనుండి గాని మీగడనుండి గాని తీసినదే. అందు పాలకొవ్వు నూటికి 80 వంతులకు తగ్గరాదు. ఆ చట్టమునకు ఇంచుమించు వంద ఏండ్లు నిండు తరుణమున, కాలిఫోర్నియా రాష్ట్రములో ఒక వంటగత్తె జీడిపప్పుతోను కొబ్బరినూనెతోను చేసిన ముద్దను వెన్న అను పేరుతో బజారులో అమ్మెను. రాష్ట్ర వ్యవసాయ శాఖవారు 2019 డిసెంబరులో అది కూడదని జాబు వ్రాసిరి. ఆమె ఆ శాఖ మీదనే దావా వేసి 2021లో గెలిచెను. గెలిచి ఏడాది తిరుగకముందే తన పేరు పెట్టిన సంస్థలో తన అధికారము పోగొట్టుకొనెను. వెన్న అను మాట దక్కినది. తన పేరు దక్కలేదు. దయను సరుకుగా చేసి అమ్మువాడు దేనిని అమ్మవచ్చును, దేనిని అమ్మరాదు? తరతరములుగా వర్తకము మీదనే జీవించు కుటుంబములవారు ఈ ప్రశ్నను ఒకసారి తరచి చూడదగును.

ఆమె పేరు మియోకో షినర్. 1957లో జపానులో పుట్టి, చిన్నతనముననే అమెరికా చేరెను. పన్నెండవ ఏట మాంసము మానెను. పాలు, చీజు మానుట మాత్రము చాల ఏండ్ల తరువాత గాని జరుగలేదు. చీజు అనగా తెలుగిండ్లలో ఈనిన ఆవు పాలతో వండు జున్ను కాదు. పాలను విరుగగొట్టి, ఆ ముద్దను వారములు, నెలలు మాగబెట్టి చేయునది. విరుగగొట్టుటకు దూడ కడుపులోని పొరనుండి తీసిన ద్రవ్యమును వాడుట పాతకాలపు పద్ధతి; నేటికిని కొన్ని రకములకు అదియే వాడుదురు. పాలు మంచివే గదా అని చీజు తిను శాకాహారి ఈ సంగతి తెలిసికొనుట మేలు.

పాలు, గ్రుడ్లు, తేనె మొదలుగా ప్రాణులనుండి వచ్చు ఏ పదార్థమును ముట్టనివారిని వీగన్లు అందురు. ఈ పేరు 1944లో ఇంగ్లండులో డోనాల్డ్ వాట్సన్, అతని మిత్రులు కలిసి పెట్టినది. మియోకో ఈ నియమమునకు వచ్చిన పిదప 1991లో ఒక వంట పుస్తకము ప్రకటించెను. శాన్ ఫ్రాన్సిస్కో నగరములో 'నౌ అండ్ జెన్' అను భోజనశాలను నడపెను. 2012లో 'ఆర్టిజన్ వీగన్ చీజ్' అను పుస్తకములో తన విధానమంతయు దాచక వ్రాసెను. జీడిపప్పు నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలకు తోడు వేసినట్లు దానికిని తోడు వేసి పులియబెట్టి, గట్టిపరచి, మాగనిచ్చుట – ఇంతే రహస్యము. లోకములో వర్తకుడు రహస్యము దాచి సరుకు అమ్మును. ఆమె రహస్యము ముందుగా లోకమునకు ఇచ్చి, రెండేండ్ల తరువాత, 2014లో, సరుకు అమ్ముటకు సంస్థ పెట్టెను. ఆమె కథలో మిక్కిలి మెచ్చదగినది ఇదియే. (నియమము గట్టిగా పాటించు జైన గృహములో ఈ చీజు చెల్లదన్నది వేరు సంగతి. కాలము మించి నిలువజేసిన పదార్థము అభక్ష్యమని ఎంచు ఇల్లాలికి, అది పాలతో చేసినదైన నేమి, పప్పుతో చేసినదైన నేమి? వీగను బజారులో ఉల్లికి, దుంపలకు అడ్డులేదు. రెండు నియమములును అహింసనుండి పుట్టినవే గాని, రెండు దారులు ఒకటి కావు.)

ఇక వ్యాజ్యము. 2020 ఫిబ్రవరిలో వేసిన దావాపై 2021 ఆగస్టులో న్యాయాధిపతి రిచర్డ్ సీబోర్గ్ తీర్పు చెప్పెను. డబ్బీ మీద ఇది మొక్కలనుండి చేసినదని స్పష్టముగా అచ్చువేసి ఉండగా కొనువాడు మోసపోవునని ప్రభుత్వము రుజువు చేయలేకపోయినదని సారాంశము. అయితే ఆమె కోరినవన్నియు చెల్లలేదు. తన సరుకులో హార్మోనులు లేవను మాటను అచ్చువేయుటకు అంతకు ముందటి ఏడే కోర్టు ఒప్పుకొనలేదు. దయగల వర్తకుడైనను చీటీ మీద వ్రాయు ప్రతిమాటకును లెక్క చెప్పవలసినదే. ఐరోపాలో మాత్రము ఉన్నత న్యాయస్థానము 2017 జూన్‌లో దీనికి వ్యతిరేకముగా, మొక్కల సరుకును పాలు, వెన్న, చీజు అను పేర్లతో అమ్మరాదని తీర్పు ఇచ్చెను. తెలుగువారికి ఈ తగవు కొంత విడ్డూరముగా తోచును. కొబ్బరిపాలు అనినపుడు ఆవును తలచువాడు లేడు. మర్రిపాలు, జిల్లేడుపాలు అని చెట్లకును పాలు ఇచ్చిన భాష ఇది.

జైనునికి ఇందులో మరియొక విశేషము కనబడును. 12వ శతాబ్దమున హేమచంద్రాచార్యులు యోగశాస్త్రములో శ్రావకుడు చేయరాని పదిహేను వృత్తులను చెప్పిరి. అందు రసవాణిజ్యము ఒకటి. మద్యము, తేనె, కొవ్వు – వీనితోపాటు నవనీతము, అనగా వెన్న, అమ్ముటను అందులోనే చేర్చిరి. నేతి విషయములో ఆచారము వేరుగా నడచినది. నేతి కొట్లు నడపిన జైనులు లేకపోలేదు. కాని వెన్న మాత్రము సంతలో పెట్టదగిన సరుకు కాదన్న పాత నియమము ఒకవైపు, వెన్న అను పేరు కొరకు కోర్టుకు ఎక్కిన వంటగత్తె మరొకవైపు! ఆమె వెన్నలో చిలుకుటయు లేదు, కవ్వమును లేదు. ఆచార్యులు ఆక్షేపించినది పేరును కాదు, పదార్థమును. ఆ పదార్థమే మారినపుడు వర్తకునికి అడ్డేమి?

అడ్డు సరుకునందు లేదు, పెట్టుబడియందు వచ్చినది. తీర్పు వచ్చిన 2021లోనే ఆమె సంస్థకు పెట్టుబడిదారులనుండి 5 కోట్ల 20 లక్షల డాలర్లు సమకూడెను. దుకాణము ఒక ఊరిలో ఉన్నంతకాలము యజమాని మాటయే చట్టము. దేశమంతట అంగళ్ళలో సరుకు నిలుపవలెనన్న యంత్రములు, చలువ గిడ్డంగులు, ప్రచారము కావలెను, వానికి ఇతరుల డబ్బు కావలెను. డబ్బు ఇచ్చినవాడు దొంగ కాడు. అతడును ఇంకొకరి సొమ్మునకు జవాబుదారి. ఇచ్చినదానికి పెరుగుదల కోరును. పెరుగుదలకు హద్దు ఏమని అడుగుట అతని వృత్తి కాదు. 2022 జూన్‌లో సంస్థ ముఖ్యాధికారి పదవి ఆమె చేతినుండి పోయెను. 2023లో ఉభయులు ఒకరిమీద ఒకరు కోర్టుకెక్కి, ఆ ఏడే రాజీపడిరి. 2025లో సంస్థ అప్పులవారి నిమిత్తము అమ్మకమునకు వచ్చినపుడు ఆమె తిరిగి కొనుటకు ప్రయత్నించెను గాని, అది వేరొకరి పరమయ్యెను. ఆమె పేరే ఆ సరుకునకు మార్కా. ఆ మార్కా ఆమెది కాదు.

ఉపాసకదశాసూత్రములో వాణిజ్యగ్రామవాసి ఆనందుని కథ ఉన్నది. అతనికి పన్నెండు కోట్ల బంగారము: నాలుగు కోట్లు పాతరలో, నాలుగు కోట్లు వడ్డీ వ్యాపారములో, నాలుగు కోట్లు ఇంటి సంపదలో. పదేసి వేల పశువుల మందలు నాలుగు. మహావీరస్వామి సన్నిధిని అతడు చేసినది ఈ సంపదను విడుచుట కాదు. ఇంతకు మించి కూడదని హద్దు పెట్టుకొనుట. ఇంత ఆస్తి ఉంచుకొని పెట్టుకొన్న హద్దు ఏమి హద్దని నవ్వువారు ఉందురు. కాని ఆ హద్దును పలికిన నోరు ఆనందునిదే; మరుసటి యేడు దానిని పెంచుమని అడుగు భాగస్వామి అతనికి లేడు. పరులధనముతో పెరుగు వర్తకుడు పరిగ్రహపరిమాణ వ్రతము పట్టుట ఎట్లు? అతని హద్దు అతని చేతిలో ఉండదు గదా!

పెట్టుబడి లేక ఏ మంచి సరుకును పదిమందికి అందదని దీనికి బదులు చెప్పుదురు. అది నిజము. ఒక వీధిలో నూరుగురు తినిన పప్పువెన్న కంటె, దేశమంతట లక్షలమంది తినిన పప్పువెన్న ఎక్కువ దూడలకు మేలు. అందుచేత పెట్టుబడి పాపమనుట తొందరపాటు. కాని వర్తకులు భాగస్వామ్య పత్రము వ్రాసికొనునపుడు, ఒక భాగస్వామి విడిపోయిన పిమ్మట కొట్టు పేరు ఎవరికి చెల్లునో, ఏ సరుకు ఎన్నటికిని కొట్టులో పెట్టరాదో ముందే వ్రాయించుట మేలు. పరపతిని అమ్మవచ్చును, నియమమును అమ్మరాదు. ఈ రెంటికి నడుమ గీత గీయవలసినది డబ్బు అందిన పిమ్మట కాదు, అందకముందు.

ఇంకొక లెక్కయు ఉన్నది. దూడను తప్పించిన జీడిపప్పు ఎవరి చేతులమీదుగా వచ్చును? శ్రీకాకుళము జిల్లా పలాసవైపు వెళ్ళినవారికి ఇది తెలిసినదే. గింజ పెంకులోని జీడి చర్మమునకు తగిలిన కాలి నల్లబడును. ఆ గింజలను పగులగొట్టి పప్పు తీసి, పైపొర ఒలుచు పని ఎక్కువగా స్త్రీలది. యంత్రములు వచ్చిన చోట బాధ కొంత తగ్గినది, అన్నిచోట్ల రాలేదు. పశువు బాధ కనబడునంతగా మనిషి చేయి కనబడకపోవుట వీగను వర్తకమునకే కాదు, జైన వర్తకమునకును ఉన్న లోపము.

మియోకో జీవితములో వాటాదారులకు చేరని పని ఒకటి ఉన్నది. 2015లో ఆమె కాలిఫోర్నియాలోనే 'రాంచో కంపాసియన్' అను పశురక్షణాలయమును స్థాపించెను. వధకు పోవలసిన ఆవులు, మేకలు, పందులు, కోళ్ళు అచట బ్రదుకుచున్నవి. అమెరికావారికి ఇది వింత కావచ్చును. పింజరాపోలు ఎరిగిన జైనునికి కాదు. ప్రతి బిల్లుపై కొంత ధర్మాదాగా వసూలుచేసి, చిట్టాలో వేరు ఖాతా వ్రాసి, ఆ సొమ్ముతో ముసలి పశువులను పోషించుట వర్తక కుటుంబముల పాత వాడుక. నేయి అమ్మిన బిల్లుమీద వచ్చిన ధర్మాదా, ఒకనాడు ఆ నేతికి పాలిచ్చి వట్టిపోయిన గేదెకు గడ్డిగా మారిన సందర్భములు ఉండును. ఎన్నిటికి మారును? ఎనుము మాంసమును విదేశములకు పంపుటలో భారతదేశము ముందు వరుసలో ఉన్నదనగా, పింజరాపోలు చేరని గేదెలు, దున్నదూడలు ఎచటికి పోవుచున్నవో వేరుగా చెప్పనక్కరలేదు. గేదె వట్టిపోయిన పిమ్మట ఇంకను కొన్ని ఏండ్లు బ్రదుకును. ఆ ఏండ్ల గడ్డి, చిట్టు, నీరు, పాలేరు జీతము – వీనిని నేతి ధరలో కలిపినవారు లేరు. పప్పువెన్న ఖరీదు ఎక్కువని గొణుగు నేతి కొట్టువారు ఒక సాయంకాలము చిట్టా ఆవర్జాలు ముందు వేసికొని, ఆ ఖర్చు కూడ వేసి మణుగు నేయి ఎంతకు పడునో కట్టి చూడవచ్చును.