ఇషా తర్వాతి ఘడియ ఎవరిది?

దివ్య ఖుర్ఆన్ ‘నూర్’ సూరా 58వ ఆయతు ఇంట్లోని పిల్లలకు, సేవకులకు ఒక మర్యాద నేర్పుతోంది. రోజులో మూడు వేళల్లో వారు అనుమతి తీసుకునే పెద్దల గదిలోకి రావాలి. ఫజ్ర్ నమాజుకు ముందు, మధ్యాహ్నం దుస్తులు తీసి విశ్రమించే వేళ, ఇషా నమాజు తర్వాత. ఈ మూడూ మీ ఏకాంత సమయాలని అల్లాహ్ స్వయంగా పేర్కొన్నాడు. మనం ఈ ఆయతును పిల్లల శిక్షణకు సంబంధించిన పాఠంగా చదివి ముందుకు వెళ్ళిపోతాం. అది నిజమే. కాని అందులో పెద్దల కోసం కూడా ఒక పాఠం ఉంది. భార్యాభర్తలకు తమదంటూ కొంత సమయం ఉండాలి. దానికి ఒక తలుపు ఉండాలి. ఆ తలుపును కన్నబిడ్డ సైతం తట్టి రావాలి.

మరి మన ఇళ్ళలో ఇషా తర్వాతి ఘడియ ఎవరి చేతిలో ఉంది? నమాజు ముగిశాక మసీదు మెట్ల దగ్గర కబుర్లు, ఆ తర్వాత హోటల్లో చాయ్. ఇంటికి వచ్చాక ఒక చేత్తో అన్నం, మరో చేతిలో సెల్‌ఫోను. భార్య వడ్డిస్తుంది, గిన్నెలు సర్దుతుంది, పడుకుంటుంది. ఒక మహిళా ఇజ్తిమా ముగిశాక ఒక సోదరి నా భార్యతో చెప్పిన మాట ఇది: “ఆయన చెడ్డవారని నేననను ఆపా. నమాజు వదలరు. ఇంటి ఖర్చుకు లోటు చేయరు. ఏనాడూ చేయెత్తలేదు. కాని ఈ పన్నెండేళ్ళలో ఆయన నా పక్కన కూర్చున్నది నాకు జ్వరం వచ్చినప్పుడే.” మళ్ళీ ఎప్పుడు జ్వరం వస్తుందా అని ఎదురుచూసిన రోజులున్నాయని కూడా ఆమె అన్నదట.

ఆమె భర్త నాకు తెలిసినవాడే. ఒక జుమా తర్వాత మాట కలిపి, వారానికి ఒక్క రాత్రి ఇషా తర్వాత ఇంట్లోనే భార్య కోసం కేటాయించమని చెప్పాను. ఆయన నవ్వాడు. “ఇంగ్లీషు పత్రికల్లో డేట్ నైట్ అంటారే, అదా భాయిసాబ్? కొవ్వొత్తులూ, గులాబీ పూలూనా? అవి మనవి కావు కదా” అన్నాడు. కొవ్వొత్తులు మనవి కాకపోతే పోనివ్వండి. కరెంటు పోయినప్పుడు ఎలాగూ వెలిగిస్తాం. కాని భార్యతో పరుగు పందెం పెట్టుకున్నది, మసీదులో హబషీల బల్లెం విన్యాసాలను ఆమెకు చూపిస్తూ ఆమె తనంతట తాను విసుగు చెందేవరకు నిలబడింది మన ప్రవక్త (స)యే. దాన్ని ఇతరుల ఆచారమనడానికి మనకు నోరెలా వస్తుంది?

రాత్రివేళ ఇబాదత్‌కు కదా అని మరికొందరంటారు. హజ్రత్ అబూ దర్దా (రజి) ఇంటికి వెళ్ళిన హజ్రత్ సల్మాన్ (రజి), ఆ ఇంటి ఇల్లాలు అలంకరణ మానేసి ఉండటం చూసి కారణం అడిగారు. తన భర్తకు ప్రాపంచిక విషయాల అవసరం లేదని ఆమె చెప్పింది. ఆ రాత్రి సల్మాన్ తన మిత్రుణ్ణి నమాజుకు లేవనీయకుండా చివరి జాము వరకు పడుకోబెట్టారు. ప్రభువుకు హక్కు ఉన్నట్లే శరీరానికీ, భార్యకూ హక్కు ఉందని చెప్పారు. విషయం ప్రవక్త (స) వరకు వెళ్ళినప్పుడు, సల్మాన్ చెప్పింది నిజమని ఆయన సమర్థించారు. బుఖారీ గ్రంథంలో ఉన్న ఈ ఉదంతం చాలామందికి తెలుసు. తమ ఇంటికి వర్తింపజేసుకునేవారే తక్కువ.

అయితే ఆ సోదరుడు చివరగా అన్న మాట అంత తేలిగ్గా తోసిపుచ్చదగింది కాదు. “ప్రేమ మనసులో దానంతటదే పుట్టాలి. గురువారం రాత్రి తొమ్మిదిన్నరకు ప్రేమగా ఉండాలని ముందే రాసిపెట్టుకుంటే అది నటన కాదా? చిత్తశుద్ధి లేని పనిని అల్లాహ్ స్వీకరిస్తాడా?”

నేను కొంతసేపు ఆలోచించాల్సి వచ్చింది. తర్వాత మేమిద్దరం అప్పుడే చదివి వచ్చిన నమాజే గుర్తుకొచ్చింది. విశ్వాసులపై నమాజు నిర్ణీత వేళలతో విధి చేయబడిందని ‘నిసా’ సూరా చెబుతోంది. మనసు కరిగినప్పుడు చదువుకోమని చెప్పి అల్లాహ్ మనల్ని వదిలేయలేదు. జుహ్ర్ అజాన్ వినిపించేసరికి మనం బేరం మధ్యలో ఉంటాం. మనసు అంగట్లోనే ఉంటుంది, కాళ్ళు మాత్రం మసీదుకు నడుస్తాయి. అంతమాత్రాన దాన్ని నటన అనం. మనసు రాలేదని నమాజు మానేసినవాడి కంటే, మనసు రాకున్నా వేళకు నిలబడి అది రావాలని వేడుకునేవాడే చిత్తశుద్ధి గలవాడు. హృదయం మన చేతిలో లేదు, సమయం మన చేతిలో ఉంది. దైవప్రవక్త (స) తన సతీమణుల మధ్య వంతులు సమానంగా పంచి, తన చేతిలో ఉన్న పంపకం ఇదనీ, తన చేతిలో లేని దాని విషయంలో తనను నిందించవద్దనీ ప్రభువును వేడుకునేవారని అబూ దావూద్ గ్రంథంలో ఉంది. అంత ప్రేమమూర్తి కూడా ప్రేమను ‘దానంతటదే’ అని వదిలేయకుండా వంతు పెట్టారు. అస్ర్ తర్వాత ఒక్కొక్క సతీమణి ఇంటికీ వెళ్ళి పలకరించి రావడం ఆయన అలవాటు. సాయంత్రం ఎవరి వంతు ఉంటే ఆ ఇంట్లో సతీమణులందరూ కలుసుకునేవారు.

ఈ పోలికకు ఒక హద్దు ఉందని నేను ఒప్పుకుంటాను. నమాజులో మన పరధ్యానాన్ని అల్లాహ్ ఒక్కడే చూస్తాడు, క్షమిస్తాడు. ఇక్కడ ఎదుట కూర్చున్నది మనిషి. గడియారం వైపు చూసే కళ్ళను ఆమె క్షణంలో పసిగడుతుంది. తప్పనిసరి తంతుగా చేస్తే అసలు చేయకపోవడం కంటే ఎక్కువ గాయం అవుతుంది. అందుకే సంకల్పం కావాలి. లేని ప్రేమను ఉన్నట్లు చూపాలన్న సంకల్పం కాదు, ఈమెను తెలుసుకోవాలన్న సంకల్పం. తియ్యని మాటలు రానివాడు అడగవచ్చు, వినవచ్చు. పదకొండు మంది స్త్రీలు తమ భర్తల గురించి చెప్పుకున్న కథను హజ్రత్ ఆయిషా (రజి) వివరిస్తుంటే ప్రవక్త (స) చివరి వరకు విన్నారు. అది చిన్న కథ కాదు. ‘ఉమ్మె జర్అ హదీసు’ పేరుతో బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఎంత పొడవుందో చూడండి. అంతా విని, అబూ జర్అ తన భార్యకు ఎలాంటివాడో తాను ఆయిషాకు అలాంటివాణ్ణని ఆయన అన్నారు. కథ సాంతం విన్నవారే అనగల మాట అది.

ఇంకో రాత్రి సంగతి. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) బాల్యంలో ప్రవక్త (స) రాత్రి నమాజు ఎలా చేస్తారో చూడాలని తన తల్లి సోదరి, విశ్వాసుల మాత హజ్రత్ మైమూనా (రజి) ఇంట్లో పడుకున్నారు. ఆయన చెప్పిన ప్రకారం ప్రవక్త (స) ఇషా చదివి ఇంటికి వచ్చి, తన భార్యతో కాసేపు మాట్లాడి నిద్రించారు. రాత్రి మూడోభాగంలో లేచి తహజ్జుద్ చదివారు. ఇషా తర్వాత ఊసుపోని కబుర్లను ఇష్టపడని ప్రవక్త (స) భార్యతో సంభాషణను ఆ కోవలో చేర్చలేదన్నమాట. తహజ్జుద్ చూద్దామని వెళ్ళిన పిల్లవాడి కంట ముందు పడింది ఆ సంభాషణే. తన కోసం భార్య అలంకరించుకోవడం ఎంత ఇష్టమో భార్య కోసం తాను అలంకరించుకోవడం కూడా అంతే ఇష్టమని తర్వాతి కాలంలో చెప్పింది కూడా ఈ ఇబ్నె అబ్బాసే.

ఇక ఆచరణ. ఆ రాత్రి వంట భార్య మీద పెట్టకండి. ఆమె మూడు గంటలు పొయ్యి దగ్గర నిలబడి, తర్వాత గిన్నెలు తోముతూ ఉంటే ఆ వేడుక ఆమెకు మరో చాకిరీ మాత్రమే. ఏదైనా పార్సిల్ తెచ్చుకోండి, లేదా మీరే కోడిగుడ్లు పొరటండి. స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, అత్తరు రాసుకోండి. జుమాకు రాసుకునే అత్తరు ఆ రాత్రికీ పనికొస్తుంది. ఫోన్లు పక్క గదిలో ఉండాలి. ఒకే పళ్ళెంలో తినండి. భార్య నోటికి అందించే ముద్దకు కూడా ప్రతిఫలం ఉందని హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)కు ప్రవక్త (స) చెప్పారు. ఈ రాత్రి పడక సుఖానికి మారుపేరు కాదని కూడా గుర్తుంచుకోవాలి. ఆయిషా (రజి) బహిష్టులో ఉన్న రోజుల్లోనే ప్రవక్త (స) ఆమె పెదవి తగిలిన చోటే పెదవి పెట్టి నీళ్ళు తాగారు, ఆమె కొరికిన ఎముకను అందుకుని తిన్నారు. ఆ ముచ్చటను ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టడం మాత్రం తగదు. తలుపు మూసుకునేది అందుకే కదా.

రెండు గదుల్లో ఎనిమిది మంది ఉండే ఇంట్లో ఇదెలా కుదురుతుందని మీరడగవచ్చు. నిజంగానే కష్టం. కొడుకు పెందలాడే తలుపు వేసుకుంటే సిగ్గులేదని గొణిగే ఇళ్ళున్నాయి. పెద్దలారా, మొదట చెప్పిన ఆయతు మీ కోసం కూడా. వారానికి ఒక రాత్రి మనవళ్ళను మీ దగ్గర పడుకోబెట్టుకుని కథలు చెప్పండి. ఆ కొడుకు కూడా ముందు తల్లి దగ్గర కూర్చుని, మందులు ఇచ్చి, తర్వాత వెళ్ళాలి. ఒకరి హక్కును కోసి మరొకరికి పెట్టమని షరీఅత్ చెప్పలేదు. మన నిజామాబాద్, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్ళిన సోదరుల పరిస్థితి వేరు. రెండేళ్ళకోసారి సెలవు మీద వస్తే దావత్‌లు, చుట్టరికాలు ఆ కొద్ది రోజులనూ మింగేస్తాయి. వారు వారానికొకటి కాదు, రోజుకొక ఘడియ తీసి పెట్టుకోవాలి.

ఆ సోదరుడు నా మాటకు అవుననలేదు, కాదనలేదు. రెండు నెలల తర్వాత ఆయన భార్య కనిపించి నా భార్యకు చెప్పింది. ఒక గురువారం ఆయన బిర్యానీ పొట్లం పట్టుకుని తొందరగా వచ్చారట. దస్తర్‌ఖాన్ పరిచి ఇద్దరూ కూర్చున్నారు. ఏం మాట్లాడాలో తోచలేదు. ఆయన పిల్లల ఫీజు సంగతి ఎత్తారు, అదీ అయిపోయింది. చాలాసేపటికి, పెళ్ళికి ముందు నువ్వు ఏం చదివేదానివని అడిగారు. టెన్త్ పరీక్ష ఫీజు కట్టాక నిఖా కుదిరిందనీ, ఆ హాల్ టికెట్టు ఇప్పటికీ తన పెట్టెలో ఉందనీ ఆమె చెప్పింది. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, చూపించమన్నారు.