సీటు రాని పిల్లకి ఏం మిగలాలి?

2020లో వచ్చిన జాతీయ విద్యా విధానం మూడో తరగతి నుంచి అయిదో తరగతి దాకా ఉన్న చదువుకి 'ప్రిపరేటరీ స్టేజ్' అని పేరు పెట్టింది. ఎనిమిదేళ్ళ నుంచి పదకొండేళ్ళ లోపు పిల్లలు. తెలుగులో సన్నాహక దశ అంటున్నారు. ఈ వయసులో ఆడుతూ, వెతుకుతూ, చేతుల్తో చేస్తూ నేర్చుకోవాలని ఆ కాగితంలోనే ఉంది. కానీ సన్నాహం అనే మాటకి మన జిల్లా కేంద్రాల్లో అంతకుముందే ఒక అర్థం స్థిరపడిపోయింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఏ ఊళ్ళో అయినా నాలుగు, అయిదు తరగతుల పిల్లలు సిద్ధమవుతున్నారంటే నవోదయకో, గురుకులానికో, సైనిక్ స్కూలుకో సిద్ధమవుతున్నారని అర్థం.

ఆ సిద్ధమయ్యే పిల్లల వారం ఎలా ఉంటుందో ఊహించడం పెద్ద కష్టం కాదు. తెల్లవారకముందే లేవడం, స్టడీ అవర్, టిఫిను, క్లాసులు, మళ్ళీ స్టడీ అవర్, రాత్రి హోంవర్కు. ఆదివారం టెస్టు. టెస్టు అయ్యాక అమ్మానాన్నలు టిఫిన్ డబ్బాతో వస్తారు. టైంటేబుల్లో ఎక్కడో 'గేమ్స్' అని ఉంటుంది. ఉండాలి కూడా, ఎందుకంటే విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం, ఆటవస్తువులు ఉండి తీరాలంటుంది. అయితే అదే చట్టం వ్యాయామ బోధకుడి సంగతి ఆరు నుంచి ఎనిమిది తరగతుల దగ్గరే, అదీ వందమంది పిల్లలు దాటితేనే ఎత్తింది. కాబట్టి అయిదో తరగతి పిల్లకి బంతి మీద హక్కు ఉంది గానీ, ఆ గంటని కాపాడే ఆటల సారు మీద లేదు. పరీక్ష దగ్గర పడ్డాక ఆ పీరియడ్ లెక్కల సారు చేతిలోకి వెళ్ళిపోతుంది. ఎవరూ అడగరు. ఆయన తన సొంతానికేం తీసుకోవట్లేదు కదా, పిల్లల మంచికే కదా.

ఆ మంచి ఏమిటన్నదే నా ప్రశ్న.

ముందు పరీక్షని చూద్దాం. నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రెండు గంటలు. 80 ప్రశ్నలు, 100 మార్కులు. సగం ప్రశ్నలు బొమ్మలతో ఉండే మెంటల్ ఎబిలిటీవి, మిగతా సగం లెక్కలు, భాష. ఒక్కో విద్యాలయంలో సాధారణంగా ఉండేవి 80 సీట్లు. పాత నల్లగొండ జిల్లాకి ఏళ్ళ తరబడి ఉన్న నవోదయ నాగార్జునసాగర్ దారిలో చలకుర్తిలోనిది. ఇంకో నిబంధన కూడా ఉంది: ఈ పరీక్ష రెండోసారి రాయనివ్వరు. పదేళ్ళ పిల్లకి ఒకే ఒక్క అవకాశం. సివిల్స్ రాసే పాతికేళ్ళ వాళ్ళకి కూడా ఇంత కఠినమైన షరతు లేదు.

ఆ సీటు చిన్నదేం కాదు. పన్నెండో తరగతి దాకా చదువు, తిండి, బస ఉచితం. పొద్దున వ్యాయామం, సాయంత్రం మైదానం దినచర్యలో భాగం. అంటే ఆటకి చోటున్న బడిలోకి వెళ్ళడానికి పిల్లలు ముందు ఒక ఏడాది ఆట మానుకోవాలన్నమాట. దీన్ని చూసి నవ్వి ఊరుకోవచ్చు. కానీ ఆ ఏడాది మానుకున్నవాళ్ళలో ఎక్కువమందికి ఆ సీటు రాదు. ఎన్ని సీట్లున్నాయో లెక్కపెడితే చాలు, ఈ సంగతి తెలిసిపోతుంది. నేను మాట్లాడాలనుకుంటున్నది వాళ్ళ గురించే.

1762లో అచ్చయిన 'ఎమిల్'లో రూసో ఇలాంటి ప్రశ్నే వేశాడు. పుట్టిన పిల్లల్లో సగం మంది కూడా పెద్దవాళ్ళు కారని ఆయన లెక్క. అలాంటప్పుడు ఎప్పుడో రాబోయే సుఖం కోసం ఇవాళ్టి బాల్యాన్ని కష్టపెడితే, ఆ సుఖం దాకా బతకని పిల్లకి మనం చేసిందేమిటి? కష్టం మాత్రమే ఇచ్చాం. మన పిల్లలు అదృష్టవశాత్తూ బతుకుతున్నారు. కానీ రూసో వాదనలో మరణం ఉన్న చోట ఫలితాల జాబితా పెట్టి చూడండి. ఫలితమే ఏకైక సమర్థన అయిన ఏడాది, ఫలితం రాని పిల్ల విషయంలో సమర్థన లేని ఏడాది అయిపోతుంది. ఆ ఏడాదిని ఆమె దగ్గర్నుంచి తీసుకున్నాం, బదులుగా ఏమీ ఇవ్వలేదు. పైగా పదేళ్ళకే 'నీకు రాలేదు' అన్న మాట ఒకటి చేతిలో పెట్టాం.

ఇక్కడ ఆటని వెనకేసుకొచ్చేవాళ్ళు సాధారణంగా చెప్పే మాటలున్నాయి. ఆడితే ఏకాగ్రత పెరుగుతుంది. ఆరోగ్యం బాగుంటుంది. నలుగురితో కలిసి పనిచేయడం వస్తుంది. రేపు స్పోర్ట్స్ కోటాలో పనికొస్తుంది. ఇవి అబద్ధాలని నేననను. కానీ ఈ వాదనలతో ఆటని కాపాడబోతే ఆట ఓడిపోతుంది. ఎందుకంటే ఏకాగ్రత కోసమే ఆట అయితే, పరీక్షకి నెల ముందు లెక్కల సారు వచ్చి 'ఏకాగ్రత కంటే ఈ నెల్లో ఇంకో ఇరవై బిట్లు ముఖ్యం' అంటే మన దగ్గర జవాబుండదు. ఆటని మార్కులకి సేవకురాల్ని చేశాక, మార్కులు పొమ్మన్నప్పుడు అది పోవాల్సిందే.

మరి ఆట ఎందుకు? కెనడాలో తత్వశాస్త్రం చెప్పిన బెర్నార్డ్ సూట్స్ 1978లో 'ద గ్రాస్‌హాపర్' అనే పుస్తకం రాశాడు. చీమా మిడతా కథలో అందరూ తిట్టే మిడత పక్షం తీసుకున్న పుస్తకం అది. ఆయన చెప్పిన సంగతి మన కబడ్డీతోనే అర్థం చేసుకోవచ్చు. అవతలి గీత దాటి ఒకడిని తాకి రావడమే పని అయితే నలుగురం కలిసి వెళ్ళి తాకి రావొచ్చు. కాదు, ఒక్కడే వెళ్ళాలి, కూత ఆపకూడదు, ఊపిరి తీసుకోకముందే తిరిగి రావాలి. ఈ అడ్డంకుల అవసరం లోకంలో ఎవరికీ లేదు. ఆడేవాళ్ళే ఒప్పుకుని పెట్టుకున్నారు. ఎందుకంటే అవి లేకపోతే ఆటే లేదు. చిర్రగోనెలో కట్టెపుల్లని చేత్తో తీసి దూరంగా విసిరేయొచ్చు, కానీ అలా ఎవడూ చేయడు. పరీక్ష దీనికి సరిగ్గా ఎదురు. అక్కడ అడ్డంకిని ఇంకెవరో పెడతారు, దాటడం వల్ల వచ్చేది దాటడానికి బయట ఉంటుంది, దాటలేకపోతే ఏదో పోతుంది. ఆటలో ఓడినవాడికి పోయేది ఏమీ లేదు. 'రేపు మళ్ళా ఆడదాం' అనుకుని కాళ్ళు కడుక్కుంటాడు. రేపు అనేది ఆటకి ఎప్పుడూ ఉంటుంది. ఒకే అవకాశం ఉన్న పరీక్షకి లేదు.

ఇక్కడ ఒకరు నన్ను పట్టుకోవచ్చు: ఓడిపోవడం నేర్పుతుంది అంటున్నారు, అది మాత్రం లాభం కాదా? లాభమే. కానీ ఒక పని వల్ల వచ్చేదీ, ఆ పని చేయడానికి కారణమూ ఒకటి కానక్కర్లేదు. కష్టంలో స్నేహితుడు ఆదుకుంటాడు. ఆదుకుంటాడని స్నేహం చేస్తే మాత్రం అది స్నేహం కాదు, చిట్టీ కట్టడం. ఆటా అంతే. పిల్ల ఆడేది ఆడాలనిపించి. దానివల్ల ఏదైనా వస్తే రానీ. రాకపోయినా ఆ గంట వృథా కాలేదు, ఆ గంటకి కావలసింది ఆ గంటలోనే దొరికింది. నాకు ముఖ్యమనిపించేది ఇదే. సీటు వచ్చిన పిల్లకీ రాని పిల్లకీ సమానంగా మిగిలే గంట అదొక్కటే.

ఇంతా చెప్పాక, ఈ మాటలు మనం ఎవరితో అంటున్నామో కూడా చూసుకోవాలి. పత్తి ఏరడానికి వెళ్ళే తల్లి, మిర్యాలగూడ రైస్‌మిల్లులో హమాలీ పని చేసే తండ్రి 'మా బిడ్డ ఈ ఒక్క ఏడాది ఆడకపోతే ఏమైతది సార్? సీటొస్తే మాలెక్క బతకదు' అంటే, రూసోని తీసి వాళ్ళ ముందు పెట్టడం సిగ్గులేనితనం. ఆడుకోనివ్వండి అనడం మనలాంటి వాళ్ళకి తేలిక. మన పిల్లలకి ఒక తలుపు మూసుకుంటే ఇంకో తలుపు డబ్బిచ్చి తెరుస్తాం. వాళ్ళకి ఉన్న పెట్టుబడి బిడ్డ సమయం ఒక్కటే.

చరిత్ర కూడా వాళ్ళవైపే ఉంది. 1923లో నిజాం రాజ్యంలోని జాగీర్దార్ల కొడుకుల కోసం బేగంపేటలో జాగీర్దార్ కాలేజీ పెట్టారు. ఇంగ్లాండులోని ఈటన్ నమూనా, విశాలమైన మైదానాలు. ఇప్పటి హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అదే. చదువూ ఆటా సమంగా ఉన్న వారం అనే భావన మన దగ్గరికి అలా, దొరల పిల్లల కోసం వచ్చింది. అదే కాలంలో సూర్యాపేట తాలూకా పల్లెల్లో పేదల పిల్లలు జీతానికి పశువులు కాస్తున్నారు. చెరువుగట్టు మీద ఆడుకున్నా అది పని మధ్యలో దొంగిలించిన ఆట. అయితే జాగీర్దారు కొడుక్కి కూడా ఆ మైదానాన్ని ఊరికే ఇవ్వలేదు. బ్రిటిష్ పబ్లిక్ స్కూళ్ళలో ఆట అంటే పాలించే జాతిని తయారుచేసే శిక్షణ. అక్కడా సన్నాహమే. కాకపోతే ఆ పిల్లలు ఏం చేసినా జాగీరు ఎక్కడికీ పోదు గనక, సన్నాహం వాళ్ళ సాయంత్రాన్ని మింగేయలేదు.

ఆ వారాన్ని పేదింటి పిల్లలకీ ఇవ్వొచ్చని చూపించింది గురుకులాలు. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. ఊరి పిల్లలకి చదువు, బస, మైదానం ఒకే చోట. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థిని మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. వ్యవసాయ కూలీల బిడ్డ, అప్పటికి పదమూడేళ్ళు. కొండలెక్కడం తెలియని ఇంటి నుంచి వచ్చిన పిల్లకి శిక్షణ దొరికితే ఏమవుతుందో లోకం చూసింది. ఆట పేదవాళ్ళ సంగతి కాదనేవాళ్ళ నోరు మూయించడానికి ఆ ఒక్క పేరు చాలు.

కానీ పూర్ణ పేరు మనం ఎలా వాడుకుంటున్నామో గమనించాలి. ఆమె మళ్ళీ ఒక ఫలితం అయింది, ర్యాంకు ఫ్లెక్సీ పక్కన పెట్టగల మరో ఫ్లెక్సీ. మన దగ్గర ఆటకి గౌరవం లేదనడం తప్పు. 2021 మార్చిలో సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు పెడితే జనం ఎంతగా వచ్చారంటే, ప్రారంభం నాడే గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. ఆట మీద అంత మక్కువ ఉన్న ఊరది. మన ఊళ్ళలో ఆటకి రెండు చోట్లే ఉన్నాయి: గెలిచేవాళ్ళకి బరి, చూసేవాళ్ళకి గ్యాలరీ. ఊరికే ఆడేవాళ్ళకి, బాగా ఆడలేనివాళ్ళకి, బంతి వస్తే కళ్ళు మూసుకునే పిల్లకి చోటు లేదు. చదువులో ర్యాంకు రానివాళ్ళని ఎలా చూస్తామో, ఆటలో వాళ్ళనీ అలాగే చూస్తాం. వేరే కొలత మనకి తెలియదు.

కాబట్టి ఆ తల్లికి నేను చెప్పగలిగే జవాబు 'చదివించకండి' అని కాదు. పరీక్ష రాయించాల్సిందే, సీటు కోసం కొట్లాడాల్సిందే. ఆమె అడిగిన ప్రశ్నలో ఒక్క మాట దగ్గరే నాకు పేచీ: 'ఈ ఒక్క ఏడాది'. అది ఒక్క ఏడాది కాదు. నవోదయ అయ్యాక పదో తరగతి, తర్వాత ఇంటర్, ఎంట్రన్సు, ఆ తర్వాత గ్రూప్స్. ప్రతి దాని ముందూ ఒక 'ఈ ఒక్క ఏడాది' ఉంటుంది. అశోక్‌నగర్ గదుల్లో ముప్ఫై ఏళ్ళ వయసులో ఇంకా సిద్ధమవుతున్నవాళ్ళని అడగండి, మొదటి 'ఒక్క ఏడాది' ఎప్పుడు మొదలైందో. ఈ వ్యాసం చదువుతున్న మనలో చాలామందికి కూడా ఆ లెక్క తెలుసు. సెలవురోజున ఏమీ చేయకుండా కూర్చుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు ఉండటం మనకి ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఆ తల్లిని బెదిరించి, ఆశపెట్టి రోజుకి పదహారు గంటల చదువు అమ్మేవాళ్ళు వేరే ఉన్నారు. పేచీ పెట్టుకోవాల్సింది వాళ్ళతో. రోజుకి ఒక గంట ఆడినందుకు సీటు పోయే పరీక్ష అయితే, తప్పు ఆ గంటది కాదు. పాత నల్లగొండ అంత జిల్లాకి ఏళ్ళ తరబడి అలాంటి బడి ఒకటే పెట్టి, 80 సీట్లు చూపించి, పదేళ్ళ పిల్లల్ని ఒకరి మీదకి ఒకర్ని తోలిన లెక్కది. ఆ లెక్కని మార్చమని అడగాల్సింది పెద్దవాళ్ళం. అడగలేక, ఆ తేడాని పిల్లల సాయంత్రాల్లోంచి పూడుస్తున్నాం.

ఒక బడి మంచిదో కాదో తెలుసుకోవడానికి దాని ఫలితాల ఫ్లెక్సీ చూడక్కర్లేదు. పరీక్షకి ముందు వారం సాయంత్రం అయిదింటికి ఆ బడి వెనక ఖాళీ స్థలంలోకి వెళ్ళి చూడాలి. అక్కడ ఖోఖో నడుస్తూ ఉండాలి. అందులో బాగా పరిగెత్తలేని పిల్ల కూడా ఒకతి కూర్చుని, వెనక నుంచి 'ఖో' ఎప్పుడు వస్తుందా అని చూస్తూ ఉండాలి.